గేర్‌బాక్స్ రవాణా ఖర్చు దూరాన్ని బట్టి తేలేది కాదు

గేర్‌బాక్స్ పంపడానికి ఎంతవుతుందని అడిగేవాళ్లు మామూలుగా రెండే ముక్కలు చెబుతారు: ఎక్కణ్ణుంచి, ఎక్కడికి. ఆ రెండు ముక్కల మీద ఎవరు రేటు చెప్పినా అది గాల్లో లెక్కే. దూరానికి విలువ లేదని కాదు. కానీ అదే గేర్‌బాక్స్, అదే దారి, అదే లారీ అయినా బిల్లుకెక్కే బరువు ఆరింతలకు పైగా పెరగొచ్చు. ఏ సైజు ప్యాలెట్ (సరుకు కింద ఉండే చెక్క పీట) మీద పెట్టారు, పైన గట్టి మూత వేశారా లేదా అన్న రెండు విషయాలు చాలు ఆ తేడా రావడానికి. లెక్క కింద చూపిస్తాను. పదిమంది ట్రాన్స్‌పోర్టు వాళ్లకు ఫోన్లు చేసి బేరమాడే ఓపికలో సగం షెడ్డులో ప్యాకింగ్ మీద పెడితే అంతకంటే ఎక్కువే మిగులుతుందని నా వాదన.

ముందు బరువు సంగతి. చిన్న కార్లలో ముందు చక్రాలను నడిపే మాన్యువల్ గేర్‌బాక్స్ 30–40 కిలోలు ఉంటుంది. బోర్గ్ వార్నర్ టీ5 లాంటి ఐదు గేర్ల పాత మాన్యువల్ 34 కిలోల దగ్గర తూగుతుంది. జీఎం వాళ్ల టీహెచ్350 ఆటోమేటిక్ 54 కిలోల చుట్టూ, 4ఎల్60ఈ 66 చుట్టూ, 4ఎల్80ఈ 100 దాటి ఉంటాయి. ఈ మూడూ ఆయిల్ లేకుండా, టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ తిప్పుడును ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే గుండ్రటి భాగం) లేకుండా చెప్పే బరువులు. జడ్‌ఎఫ్ ఎనిమిది గేర్ల 8హెచ్‌పీ కుటుంబంలో సైజును బట్టి 75 నుంచి 95 దాకా ఉంటుంది. ఆలిసన్ 1000 అయితే 150. పెద్ద లారీల పద్దెనిమిది గేర్ల పెట్టె 300 దాటుతుంది. కాబట్టి బరువు కనుక్కునేటప్పుడు ‘ఆయిల్‌తోనా, ఆయిల్ లేకుండానా, కన్వర్టర్ కలిపా, విడిగానా’ అని అడిగి తీరాలి. ఒకే గేర్‌బాక్స్‌కు ఇద్దరు చెప్పిన బరువుల్లో పాతిక కిలోల తేడా వచ్చిందంటే ఇద్దరూ నిజమే చెప్పి ఉండొచ్చు.

ఈ పాతిక కిలోలే చాలామందిని తప్పుదారి పట్టిస్తాయి. పెద్ద కొరియర్ సంస్థలు ఒక్కో పెట్టెకు పెట్టుకున్న గరిష్ఠ బరువు 68–70 కిలోలు. అది దాటితే పార్సిల్ కాదు, ఫ్రైట్, అంటే ప్యాలెట్ మీద పోయే బరువు సరుకు. పార్సిల్ రేటు చూడ్డానికి తక్కువగా, బుకింగ్ తేలిగ్గా ఉంటుంది కాబట్టి ఎలాగోలా 68లో ఇరికించాలన్న ఆశ పుడుతుంది. 4ఎల్60ఈ దీనికి మంచి ఉదాహరణ. గేర్‌బాక్స్ 66 కిలోలు, కన్వర్టర్ మరో పదిహేను కిలోలకు అటూఇటూ. కన్వర్టర్ విడిగా ఇంకో పెట్టెలో పంపితే సరిపోతుందని లెక్క వేస్తారు. కానీ అట్టపెట్టె, అడుగున ప్లైవుడ్, లోపలి ఫోమ్ కలిపితేనే ఐదారు కిలోలు. లోపల మిగిలిన ఆయిల్ ఇంకో రెండు కిలోలు. అంటే ప్యాకింగ్‌లో కోత పెడితే తప్ప 68లో పట్టదు. కోత పెట్టిన ప్యాకింగ్‌తో 66 కిలోల లోహపు ముద్దను కన్వేయర్ బెల్టుల మీదా, జారుడు బల్లల మీదా వదులుతారు. మూడో సార్టింగ్ కేంద్రం చేరేసరికి అట్ట అడుగు ఊడుతుంది, బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కు బిగించే గంట ఆకారపు ముందు భాగం) చెవి విరుగుతుంది.

పైగా ఆ రేటు నిజంగా తక్కువా అంటే అదీ కాదు. చాలాచోట్ల 25–32 కిలోలు దాటగానే బరువు పెట్టె అని అదనపు రుసుము పడుతుంది. అట్ట సరిపోదని చెక్కపెట్టెలో పెడితే, అట్టతో పూర్తిగా కప్పని పెట్టె అని మరో రుసుము. కన్వర్టర్ పెట్టె విడిగా మరో బిల్లు. చివరకు ఫ్రైట్ ఖర్చుకు దగ్గరగా వస్తుంది, రిస్కు మాత్రం ఎన్నో రెట్లు. నా మాట సూటిగా చెప్పాలంటే, 40 కిలోల లోపు మాన్యువల్ గేర్‌బాక్స్‌ను పార్సిల్‌లో పంపొచ్చు. ఆటోమేటిక్‌ను, అది 60 కిలోలే ఉన్నా సరే, ప్యాలెట్ మీదే పంపాలి. ఫోర్క్‌లిఫ్ట్ తప్ప ఇంకేదీ దాన్ని ఎత్తకూడదు.

ఆరింతల తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది

రవాణా వాళ్లు అసలు బరువు, పరిమాణపు బరువు అని రెండూ లెక్కగట్టి, ఎక్కువున్నదానికి డబ్బు తీసుకుంటారు. పరిమాణపు బరువు సూత్రం దారిని బట్టి మారుతుంది. ఎక్స్‌ప్రెస్ కొరియర్‌లో సాధారణంగా పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. విమాన కార్గోలో 6000తో. యూరప్ రోడ్డు రవాణాలో ఒక ఘనపు మీటరును 333 కిలోలుగా పట్టడం రివాజు. ఓడలో విడి సరుకుగా పంపితే ఒక ఘనపు మీటరును 1000 కిలోలకు సమానంగా చూస్తారు.

88 కిలోల ఆటోమేటిక్ ఒకటి తీసుకుందాం. పొడవు 75 సెంటీమీటర్లు, వెనక యోక్ (డ్రైవ్ షాఫ్ట్ కొసన గేర్‌బాక్స్‌లోకి దూరే ముక్క) తీసేసి ఉంది. దాన్ని 120 × 80 సెంటీమీటర్ల పూర్తి యూరో ప్యాలెట్ మీద పెట్టి, ప్యాలెట్‌తో కలిపి 70 సెంటీమీటర్ల ఎత్తు వచ్చిందనుకోండి. ఘనపరిమాణం 0.672 ఘనపు మీటర్లు. 333తో గుణిస్తే 224 కిలోలు. ఇదే గేర్‌బాక్స్‌ను 80 × 60 అర ప్యాలెట్ మీద పెడితే 0.336 ఘనపు మీటర్లు, అంటే 112 కిలోలు. ప్యాలెట్ మార్చడంతోనే బిల్లు బరువు సగానికి వచ్చింది.

ఇంతటితో అయిపోలేదు. పైన ఏమీ పేర్చవద్దని స్టిక్కర్ అంటించారనుకోండి, లేదా గేర్‌బాక్స్ పైకి పొడుచుకొచ్చి ఉండటంతో పైన పేర్చే వీలే లేదనుకోండి. అప్పుడు లారీలో ఆ చోటు పైకప్పు దాకా మీదే అవుతుంది. యూరప్‌లో దీన్ని లారీ నేల పొడవు మీటర్లలో కొలుస్తారు. 2.4 మీటర్ల వెడల్పున్న లారీలో ఒక మీటరు పొడవును చాలామంది 1750–1850 కిలోలుగా పడతారు. పూర్తి యూరో ప్యాలెట్ 0.4 మీటర్లు తింటుంది: 1850 లెక్కన 740 కిలోలు. అర ప్యాలెట్ అయినా 370. మూత వేసిన అర ప్యాలెట్‌కు 112, మూత లేని పూర్తి ప్యాలెట్‌కు 740. ఇద్దరు ట్రాన్స్‌పోర్టర్ల మధ్య ఎంత బేరమాడితే ఈ తేడా వస్తుంది?

మూతంటే గొప్ప వడ్రంగం కాదు. నాలుగు మూలల్లో నిలువు కర్రలు, చుట్టూ 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్, పైన అదే ప్లైవుడ్ చదునుగా. ఈ సైజుకు గోడలు, మూత కలిపి రెండు చదరపు మీటర్ల ప్లైవుడ్ పడుతుంది. బరువు సుమారు 11 కిలోలు. గేర్‌బాక్స్ 88, అర ప్యాలెట్ 9.5, ప్లైవుడ్ 11, కర్రలూ మేకులూ కలిపి మరో రెండుమూడు కిలోలు. మొత్తం 112 చుట్టూ వస్తుంది. పరిమాణపు బరువూ అంతే. అసలు బరువు, పరిమాణపు బరువు ఇంత దగ్గరగా వచ్చాయంటే ఆ పెట్టెలో వృథా చోటు లేనట్టే. పై మూత బరువు మోయాలి, కాబట్టి మూల కర్రలు ప్యాలెట్ మీద నేరుగా నిలబడాలి. ప్లైవుడ్ అంచుకు మేకుతో వేలాడదీసిన కర్ర ఏ బరువూ మోయదు.

అంచు దాటడం గురించి ఒక మాట. హబ్‌లలో, అంటే సరుకు లారీలు మారే కేంద్రాల్లో, కొలతలు మనిషి తీయడు, లేజర్ కొలిచే యంత్రం తీస్తుంది. అది పెట్టెను చూడదు, మొత్తం సరుకు చుట్టూ పట్టే అతి చిన్న దీర్ఘచతురస్రాన్ని చూస్తుంది. గేర్‌బాక్స్ తోక ప్యాలెట్ దాటి ఎనిమిది సెంటీమీటర్లు బయటికొస్తే మొత్తం పొడవు 88 అయినట్టే. విడిచిపెట్టిన పట్టీ కొస, పక్కకు ఉబ్బిన ష్రింక్ కవరు కూడా కొలతలోకి వస్తాయి. మీరు చెప్పిన కొలతకూ యంత్రం కొలతకూ తేడా వస్తే, తేడా బరువుకు చార్జీతో పాటు సవరణ రుసుము అని మరొకటి వేస్తారు. ప్యాక్ చేశాక తూకం మీద అంకె కనబడేలా ఒక ఫొటో, టేపు పట్టి మూడు వైపులా మూడు ఫొటోలు తీసి ఉంచుకోవాలి. సవరణ బిల్లు మీద గొడవపడేందుకు ఇంతకంటే మంచి ఆధారం లేదు.

వర్గాల పద్ధతి ఉన్న చోట, ఉదాహరణకు అమెరికాలో, సరుకును 50 నుంచి 500 దాకా ఉన్న ఫ్రైట్ క్లాసుల్లో ఒకదానిలో పెడతారు. సాంద్రత ఎక్కువైతే క్లాసు తగ్గుతుంది, రేటు తగ్గుతుంది. సూత్రం పేరు మారింది కానీ నీతి అదే: పెద్ద ప్యాలెట్ మీద చిన్న గేర్‌బాక్స్ పెట్టినవాడు గాలిని రవాణా చేయిస్తున్నాడు.

విమానమైతే ఈ లెక్క తిరగబడుతుంది. అదే 112 కిలోల పెట్టెకు 6000 సూత్రంతో పరిమాణపు బరువు 56 మాత్రమే, 5000తో అయినా 67. అంటే అక్కడ అసలు బరువే రాజ్యమేలుతుంది. రోడ్డు మీద పది కిలోల చెక్క ఉచితంగా పోతే, విమానంలో ప్రతి కిలో చెక్కకూ గేర్‌బాక్స్‌తో సమానంగా డబ్బు కట్టాలి. అందుకే విమానానికి బరువైన కలప వాడకూడదు. ఓడలో విడి సరుకుకు మామూలుగా కనీసం ఒక ఘనపు మీటరు చార్జీ వేస్తారు. మన పెట్టె అందులో మూడోవంతే. మిగతా చోటు ఖాళీగా పోతున్నట్టే కాబట్టి బెల్ హౌసింగ్ బోల్టులు, కూలర్, ఫ్లెక్స్ ప్లేట్, రెండో గేర్‌బాక్స్ ఏదున్నా అందులో పెట్టేయడమే తెలివి. ఓడ రేటు చూసి మోసపోవద్దు కూడా. సముద్రం దాటే కిరాయి దాదాపు సున్నా అని చెప్పి, దిగే రేవులో టెర్మినల్ చార్జీ, గోదాము చార్జీ, డెలివరీ ఆర్డరు చార్జీ అంటూ తీసుకునేవాళ్లకు కొదవ లేదు. దిగే వైపు చార్జీల జాబితా చేతికి రాకుండా బుక్ చేయకూడదు.

ఆయిల్

నా దృష్టిలో ఈ రవాణాలో అన్నిటికంటే ఖరీదైన సరుకు లోపల మిగిలిపోయిన ఆయిల్. కారణం బరువు కాదు. అట్ట తడిసిందంటే, ప్యాలెట్ కింద మరక పడిందంటే హబ్‌లో దాన్ని పక్కన పెట్టేస్తారు. లీకేజీ శుభ్రపరిచిన ఖర్చు, నిల్వ ఖర్చు, వెనక్కి పంపిన కిరాయి, పక్క ప్యాలెట్ మీద సరుకు తడిస్తే దాని నష్టం అన్నీ పంపినవాడి నెత్తికే వస్తాయి. ఆటోమేటిక్ ఆయిల్ మండే ద్రవాల జాబితాలోకి రాదు. ఆ తరగతికి హద్దు 60 డిగ్రీల ఫ్లాష్ పాయింట్ (ఆవిరి అంటుకునే ఉష్ణోగ్రత), ఈ ఆయిల్‌ది మామూలుగా 150 డిగ్రీలకు పైనే. అయినా విమాన కార్గోలో ‘వాహన భాగాలు’ అన్న మాటే అనుమానం పుట్టిస్తుంది. ఇంధనం మిగిలిన కార్బ్యురేటర్లు, ఎయిర్‌బ్యాగులు, బ్యాటరీలు అదే పేరుతో వస్తుంటాయి కాబట్టి పెట్టె తెరిచి చూస్తారు. పత్రాల మీద ‘వాహన భాగం’ అని కాక ‘ఆటోమేటిక్ గేర్‌బాక్స్, వాడినది, ఆయిల్ పూర్తిగా తీసినది, బ్యాటరీ లేదు’ అని రాస్తే సగం తలనొప్పి తగ్గుతుంది. దేశం దాటే సరుకైతే కస్టమ్స్ వాళ్లు సరుకుల్ని వర్గీకరించే హెచ్‌ఎస్ కోడ్ 8708.40 కింద గేర్‌బాక్సులు, వాటి భాగాలు వస్తాయి.

ఆయిల్ తీశాం అన్న మాటకు అర్థం మామూలుగా పాన్‌లోది, అంటే అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోది, తీశాం అనే. 4ఎల్60ఈలో మొత్తం 10.6 లీటర్ల దాకా పడితే, పాన్ దించినప్పుడు వచ్చేది 4.7 లీటర్ల చుట్టూ. మిగతాది కన్వర్టర్‌లో, కూలర్ గొట్టాల్లో, క్లచ్ డ్రమ్ముల్లో, గేర్లు మార్చేందుకు ఆయిల్‌ను మళ్లించే వాల్వ్ బాడీ దారుల్లో ఉంటుంది. అందులో ఎక్కువ వాటా కన్వర్టర్‌ది. దానికి చాలా మోడళ్లలో డ్రెయిన్ బోల్టు ఉండదు. విడదీసి మూతి కిందికి పెట్టి రాత్రంతా వదిలేయడం ఒక్కటే దారి, అప్పుడు కూడా మొత్తం రాదు. గేర్‌బాక్స్‌ను ముందు తోక కిందికి, తర్వాత బెల్ హౌసింగ్ కిందికి వచ్చేలా ట్రే మీద వాల్చి ఉంచాలి. గదిలో చలిగా ఉంటే ఆయిల్ చిక్కబడి ఇంకా నెమ్మదిస్తుంది.

తర్వాత కారే చోట్లు. అందరూ పాన్ గాస్కెట్ వైపు చూస్తారు కానీ అక్కణ్ణుంచి కారడం అరుదు. వెనక చక్రాల బండిలో యోక్ బయటికి లాగాక తోక హౌసింగ్ సీల్‌కు పట్టు ఉండదు, ఆ రంధ్రం తెరుచుకున్నట్టే. ముందు చక్రాల బండిలో రెండు యాక్సిల్ రంధ్రాలూ అంతే. తర్వాత కూలర్ గొట్టాల మూతులు, డిప్‌స్టిక్ గొట్టం పీకేసిన రంధ్రం, వైర్ కనెక్టర్ దూరే స్లీవ్, గాలి పీల్చే బ్రీదర్. బ్రీదర్ సంగతి చాలామంది మరిచిపోతారు. ఫోర్క్‌లిఫ్ట్ మీద ప్యాలెట్ కాస్త వాలినా అందులోంచి ఆయిల్ బయటికొస్తుంది. ప్రతి రంధ్రానికీ సరిపోయే ప్లాస్టిక్ బిరడా కొట్టాలి. గుడ్డ కుక్కడం, టేపు చుట్టడం పనికిరావు. ఆయిల్ తగిలిన టేపు జిగురు ఒక్క రోజు కూడా నిలవదు, గుడ్డ పోగులు లోపలికెళ్తే వాల్వ్ బాడీలో ఇరుక్కుంటాయి. పాత యోక్ ఒకటి ఉంటే తోకలోకి దోపి వైరుతో కట్టేయడం అన్నిటికంటే మేలు. బిరడాల తర్వాత మొత్తాన్ని మందపాటి పాలిథిన్ సంచిలో పెట్టి, అడుగున నూనె పీల్చే షీటు పరచాలి. ఓడలో పంపితే మామూలు పాలిథిన్ బదులు తుప్పు ఆపే వీసీఐ సంచి, లోపల తేమ పీల్చే పొట్లాలు. కంటైనర్‌లో రాత్రీపగలూ ఉష్ణోగ్రత మారినప్పుడల్లా తేమ నీరుగా దిగి ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్ల మీద తుప్పు పట్టిస్తుంది.

కూర్చోబెట్టడం

ఆటోమేటిక్‌ను పాన్ మీద కూర్చోబెట్టడం అన్నిటికంటే మామూలు తప్పు, ఎందుకంటే నేల మీద అది అలాగే నిలబడుతుంది. జడ్‌ఎఫ్ 6హెచ్‌పీ, 8హెచ్‌పీల్లో పాన్ ప్లాస్టిక్‌ది, ఫిల్టర్ అందులోనే భాగం. 88 కిలోలు ఒక గతుకు మీద ఎగిరిపడితే అది పగులుతుంది. రేకు పాన్ అయితే పగలదు, లోపలికి సొట్టపడుతుంది. సొట్ట ఫిల్టర్‌ను పైకి నెట్టి ఆయిల్ పీల్చే మూతిని మూసేస్తుంది. బండిలో బిగించాక గేర్లు జారుతున్నాయని వచ్చే ఫిర్యాదుకు మూలం అక్కడుంటే కనిపెట్టడం చాలా కష్టం.

బరువు మోయాల్సినవి బెల్ హౌసింగ్ అంచు, వెనక మౌంట్ ప్యాడ్ (గేర్‌బాక్స్‌ను బండికి బిగించే చోటు). ప్యాలెట్ పలకల సందుల మీద నేరుగా పెట్టకుండా ముందు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పరవాలి, లేదంటే బరువంతా ఒకే పలక మీద పడి అది విరుగుతుంది. దాని మీద పాన్ నేలకు తగలకుండా రెండు చెక్క దిమ్మలు: ఒకటి బెల్ హౌసింగ్ వంపుకు తగ్గట్టు కోసినది, ఒకటి వెనక మౌంట్ కింద. మౌంట్ రంధ్రాల్లోంచి ప్యాలెట్ దాకా ఎం10 లేదా ఎం12 బోల్టులు, కింద వెడల్పు వాషర్లు. ముందు వైపు బెల్ హౌసింగ్ రంధ్రాల్లోంచి రెండు పట్టీలు, ఎదురెదురు మూలలకు లాగి. పట్టీ ఎప్పుడూ సెన్సర్ మీదుగా, గేర్ లీవర్ షాఫ్ట్ మీదుగా, వైర్ కనెక్టర్ మీదుగా పోకూడదు. ఎంత బలంగా కట్టాలన్న దానికి కొలమానం ఉంది. రోడ్డు రవాణా ప్రమాణాల్లో ముందుకు 0.8 జీ, పక్కలకూ వెనక్కీ 0.5 జీ తట్టుకోవాలని లెక్క; ఒక జీ అంటే వస్తువు సొంత బరువంత తోపు. 88 కిలోల గేర్‌బాక్స్ గట్టి బ్రేకు వేసినప్పుడు ముందుకు 70 కిలోల బరువుతో తోస్తుంది. ష్రింక్ కవరు చుట్టలు ఈ తోపును ఆపలేవు. ఆ కవరు దుమ్ము ఆపడానికి మాత్రమే.

గేర్‌బాక్స్ బరువు మధ్యలో ఉండదు, కన్వర్టర్ ఉన్న ముందు వైపుకు మొగ్గి ఉంటుంది. ప్యాలెట్ మధ్యకు రావాల్సింది వస్తువు మధ్యభాగం కాదు, ఆ బరువు కేంద్రం. కన్వర్టర్‌ను లోపలే ఉంచి పంపుతుంటే బెల్ హౌసింగ్ అడ్డంగా ఒక ఇనుప పట్టీ రెండు బోల్టులతో బిగించాలి. లేదంటే కుదుపులకు అది ముందుకు జారి పంప్ గేర్ పట్టు వదిలేస్తుంది. అందుకున్న మెకానిక్ గమనించకుండా ఇంజిన్‌కు బిగిస్తే మొదటి బోల్టులు బిగుస్తుండగానే పంప్ విరుగుతుంది. ఇది రవాణా నష్టమే అయినా రవాణా వాళ్లు ఒప్పుకోరు.

దేశం దాటే పెట్టెలో మొద్దు కలప వాడితే ఐఎస్‌పీఎమ్ 15 (కలపతో పురుగులు దేశం దాటకుండా పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం) ముద్ర ఉండాలి. ఆ ముద్రలో హెచ్‌టీ అని ఉంటే కలప లోపలి దాకా 56 డిగ్రీల వేడి ఏకధాటిగా 30 నిమిషాలు తగిలిందని అర్థం. ప్లైవుడ్‌కు ఈ నిబంధన లేదు, 6 మిల్లీమీటర్లు, అంతకంటే పలచని చెక్కకూ లేదు. ప్యాలెట్‌కు ముద్ర ఉండి, కింద పెట్టిన దిమ్మలకు లేకపోయినా పెట్టె రేవులో ఆగుతుంది. షెడ్డులో మూల పడి ఉన్న కర్రముక్క ఒకటి ఇలా మొత్తం సరుకును వెనక్కి పంపించగలదు.

చిరునామా ఖరీదు

ఫోర్క్‌లిఫ్ట్ ఉన్న వర్క్‌షాపుకు పంపితే ఒక రేటు, ఇంటికి పంపితే ఇంకో రేటు. ఇంటికైతే లారీకి వెనక లిఫ్ట్ కావాలి, దానికి చార్జీ. ఇంటి డెలివరీ చార్జీ విడి. ముందే ఫోన్ చేసి సమయం తీసుకోవడానికి మరొకటి. మనిషి లేకపోతే రెండోసారి తిరిగినందుకు ఇంకొకటి, ఆ మధ్యలో గోదాములో ఉంచినందుకు రోజువారీ అద్దె. ప్యాలెట్ రోడ్డు అంచున దించడమే వాళ్ల పని, లోపలికి మోయడం కాదు. గేర్‌బాక్స్ ఎలాగూ మెకానిక్ దగ్గరికే చేరాలి. నేరుగా అక్కడికే పంపడం, లేదా ట్రాన్స్‌పోర్టు వాళ్ల డిపోలో దింపించుకుని సొంత బండిలో తెచ్చుకోవడం, ఈ రెండిట్లో ఏదో ఒకటి ఎంచుకుంటే ఈ జాబితా అంతా పోతుంది. డిపోకు వెళ్లేటప్పుడు బండిలో పాలిథిన్ పరిచి, వెడల్పు పలకలు వేసి వెళ్లాలి. అక్కడి ఫోర్క్‌లిఫ్ట్ ఎత్తి పెడుతుంది, దించే ఏర్పాటు మాత్రం మనదే.

పోయినా పగిలినా ఎంతొస్తుంది

రవాణా వాళ్ల బాధ్యతకు పరిమితి ఉంటుంది. అది మీ గేర్‌బాక్స్ ధరను బట్టి కాదు, బరువును బట్టి. అంతర్జాతీయ రోడ్డు రవాణాకు వర్తించే సీఎంఆర్ ఒప్పందం కింద కిలోకు 8.33 ఎస్‌డీఆర్‌లు. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కల యూనిట్. విమానానికి మాంట్రియల్ ఒప్పందం కింద 2024 డిసెంబరు 28 నుంచి కిలోకు 26 ఎస్‌డీఆర్‌లు, అంతకుముందు 22. ఓడకు హేగ్–విస్బీ నియమాల కింద పెట్టెకు 666.67 లేదా కిలోకు 2, ఏది ఎక్కువైతే అది. 100 కిలోల పెట్టెకు రోడ్డు మీద గరిష్ఠం 833, గాల్లో 2600, నీళ్ల మీద 666.67 ఎస్‌డీఆర్‌లు. దేశం లోపలి రవాణాలో, ముఖ్యంగా వాడిన వస్తువులకు, ట్రాన్స్‌పోర్టు వాళ్ల షరతుల్లో ఇంకా తక్కువ రాసుకునే వీలుంటుంది. కొత్త మెకట్రానిక్ (వాల్వ్ బాడీ, ఎలక్ట్రానిక్ కంట్రోల్ కలిసిన భాగం) ఉన్న గేర్‌బాక్స్ ధర ముందు ఇవి ఎంత? విడిగా కార్గో బీమా తీసుకోవాలి. తీసుకున్నా రెండు తలుపులు మూసే ఉంటాయి: ప్యాకింగ్ సరిగా లేకపోతే అన్ని నష్టాలకూ వర్తించే క్లాజుల కింద కూడా డబ్బు రాదు. వాడిన యంత్రాల పాలసీల్లో ‘బయట దెబ్బ లేకుండా లోపల పాడైతే వర్తించదు’ అన్న షరతు మామూలు. బోల్టులు, దిమ్మలు, బిరడాలు కనబడే ప్యాకింగ్ ఫొటోలే అక్కడ పనికొస్తాయి. ప్రీమియం కట్టిన రసీదు ఒక్కటే సరిపోదు.

రెండో ప్రయాణం

రీకండిషన్ చేసిన గేర్‌బాక్స్ కొంటే పాతది తిరిగి పంపాలి. దాన్ని ‘కోర్’ అంటారు, అది చేరేదాకా డిపాజిట్ పట్టుకుంటారు. ‘డెలివరీ ఉచితం’ అని రాసిన చోట ఆ ఉచితం ఒక వైపుకేనా రెండు వైపులా అన్నది ముందు చూడాలి. కోర్ తిరిగి పంపే గడువు, కేసు పగిలితే డిపాజిట్ మొత్తం పోతుందా కొంతే కోస్తారా, ఆయిల్ తీయకపోతే రుసుమెంత, ఇవన్నీ షరతుల్లో ఉంటాయి. వచ్చిన పెట్టెను పగలగొట్టకుండా మూత స్క్రూలు విప్పి తెరిస్తే అదే పెట్టెలో, అవే బిరడాలతో కోర్ వెనక్కి పోతుంది. మొదటే మూతకు మేకుల బదులు స్క్రూలు వాడమని అమ్మేవాడికి చెప్పడం అందుకే. ఇరువైపుల కిరాయి, డిపాజిట్ రిస్కు, బీమా అన్నీ కలిపి చూస్తే కొన్నిసార్లు గేర్‌బాక్స్ పంపడమే అనవసరమని తేలుతుంది. లోపం వాల్వ్ బాడీలోనో మెకట్రానిక్‌లోనో ఉందని స్కానర్‌తో, ప్రెషర్ పరీక్షతో తేలితే ఆ భాగం మాత్రమే విప్పి పంపొచ్చు. దాని బరువు కొన్ని కిలోలే, నిజమైన పార్సిల్ సరుకు అదే. స్టాటిక్ విద్యుత్తు తగలని సంచిలో పెడితే చాలు. క్లచ్‌లు కాలిపోయిన వాసన ఆయిల్‌లో వస్తుంటే మాత్రం ఈ దారి పట్టవద్దు, మొత్తం మార్చాల్సిందే.

పెట్టె చేతికొచ్చినప్పుడు డ్రైవర్ తొందరపెడతాడు. రసీదు మీద ‘తర్వాత పరీక్షించుకునే షరతుపై తీసుకున్నాం’ అని రాస్తే దానికి విలువ దాదాపు సున్నా. ‘అడుగు తడిసింది, ఎడమ ముందు మూల ప్లైవుడ్ విరిగింది, పట్టీ ఒకటి తెగింది’ అని కనబడినది కనబడినట్టు రాయాలి, డ్రైవర్ సంతకం తీసుకోవాలి, లారీలో ఉండగానే ఫొటో తీయాలి. బయటికి కనబడని నష్టం బయటపడితే రాతపూర్వకంగా తెలియజేసే గడువు సీఎంఆర్‌లో ఆదివారాలు, సెలవులు మినహా 7 రోజులు, విమానంలో 14, ఓడలో 3. గేర్‌బాక్స్‌ను బిగించేందుకు మెకానిక్‌కు వచ్చే వారం గానీ తీరదన్నా సరే, పెట్టె మాత్రం వచ్చిన రోజే తెరిచి బెల్ హౌసింగ్ చెవులు, పాన్, కనెక్టర్, కన్వర్టర్ లోతు చూసుకోవాలి. కన్వర్టర్ లోతును బెల్ హౌసింగ్ అంచు మీద స్కేలు అడ్డంగా పెట్టి కొలిచి, మాన్యువల్‌లోని అంకెతో పోల్చాలి. తక్కువ వస్తే నెమ్మదిగా తిప్పుతూ లోపలికి నెట్టి పంప్ పట్టులో కూర్చోబెట్టాకే గేర్‌బాక్స్‌ను ఇంజిన్ దగ్గరికి తీసుకెళ్లాలి.